గాయపాకు

గొల్లపల్లి, కోరుట్ల వైపు పొలంగట్ల మీద పెరిగే గడ్డి చేమంతికి ‘గాయపాకు’ అన్న పేరు దాని పనినిబట్టి వచ్చింది. సంస్కృత ‘ఘాతము’ తెలుగులో ‘గాయము’ కాగా, చివరి ‘ము’ స్థానంలో ‘పు’ చేరి, ‘ఆకు’తో కలిసి ఈ మాట ఏర్పడింది. మొక్క పుట్టిల్లు ఉష్ణమండల అమెరికా కనుక పేరు మరీ ప్రాచీనం కాజాలదు. కొడవలికి తెగిన వేలి మీద దీని పసరు పిండి, గుడ్డపీలిక బిగించడంలో నెత్తురు ఆపడమే లక్ష్యం. ఇక గాయం మానే సంగతికొస్తే, పుండు ఆరితేనే మానుతుందన్నది పాత నమ్మకం. పరిశోధకుడు జార్జ్ వింటర్ 1962లో పందుల చర్మంపై ప్రయోగాలతో దానిని తలకిందులు చేసి, తేమ నిలిచిన గాయమే త్వరగా మానుతుందని చూపాడు. సముద్రపు నాచునుంచి తీసిన ఆల్జినేట్ పీచుతో చేసే నేటి కట్టు, రసిలోని సోడియంను తీసుకుని తన కాల్షియంను వదులుతూ జిగురుగా మారి, తేమను పట్టి ఉంచుతూనే రక్తం గడ్డకట్టడానికీ తోడ్పడుతుంది. కడగని గాయపాకు వెంట మాత్రం మట్టిలోని ధనుర్వాత క్రిములు గాయంలో చేరవచ్చు.