హువావే: స్టెప్నీతో సాగిన బండి

హువావే టెక్నాలజీస్ చైనాలోని షెన్‌జెన్ కేంద్రంగా పనిచేసే టెలికాం పరికరాలు, ఫోన్లు, చిప్పుల సంస్థ. చైనా సైన్యం ఇంజనీరింగ్ విభాగంలో పనిచేసిన రెన్ జెంగ్‌ఫెయ్ 1987లో దీన్ని స్థాపించారు. తొలి పెట్టుబడి 21,000 యువాన్లు. హాంకాంగ్ నుంచి తెచ్చిన చిన్న టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలు అమ్ముతూ మొదలైన ఈ సంస్థ 1990లలో సొంత డిజిటల్ ఎక్స్‌ఛేంజీ తయారుచేసింది. పెద్ద నగరాలు అప్పటికే విదేశీ కంపెనీల చేతుల్లో ఉండటంతో పల్లెల్లో, చిన్న పట్టణాల్లో ముందు పాగా వేసింది. 1999లో బెంగళూరులో పరిశోధన కేంద్రం తెరిచింది. 2012లో ఎరిక్సన్‌ను దాటి టెలికాం పరికరాల్లో ప్రపంచంలోనే పెద్ద సంస్థ అయింది.

ఇది స్టాక్ మార్కెట్లో లేదు. వాటాలు ఉద్యోగుల యూనియన్ ద్వారా ఉద్యోగుల పేరిట ఉన్నాయి, రెన్ వాటా ఒక శాతం లోపే. ఏటా ఆదాయంలో పదో వంతుకు తగ్గకుండా పరిశోధనకు పెట్టడం ఇక్కడి నియమం. 2024లో అది ఐదో వంతు దాటింది. మూడు నెలలకోసారి లాభాల లెక్క అడిగే మదుపరులు ఉండి ఉంటే ఇంత ఓపిక సాధ్యమయ్యేది కాదు.

ఆ ఓపికకు పరీక్ష 2019 మేలో వచ్చింది. భద్రత కారణాలు చూపి అమెరికా ఈ సంస్థను నిషేధ జాబితాలో పెట్టింది. వెంటనే ఒక తెల్లవారుజామున, చిప్పుల విభాగం హైసిలికాన్ అధిపతి హె టింగ్‌బో ఉద్యోగులకు లేఖ రాశారు. ఏళ్ల తరబడి వాడకుండా దాచిన స్టెప్నీ టైర్లు ఒక్క రాత్రిలో అసలు టైర్లయ్యాయన్నది అందులోని మాట. అయితే ఆ చిప్పుల డిజైన్ మాత్రమే హువావేది, తయారీ తైవాన్‌లో. అమెరికా ఆంక్షలతో 2020 సెప్టెంబరులో ఆ దారీ మూసుకుపోయింది. చవక ఫోన్ల బ్రాండ్ ఆనర్‌ను అమ్ముకోవాల్సి వచ్చింది. 2020లో 89,140 కోట్ల యువాన్లున్న ఆదాయం మరుసటి ఏడాది 63,680 కోట్లకు పడిపోయింది.

2023 ఆగస్టులో ఏ ఆర్భాటమూ లేకుండా మేట్ 60 ప్రో ఫోన్ అమ్మకానికి వచ్చింది. విప్పి చూస్తే లోపల చైనాలోనే, ఎస్‌ఎంఐసీ ఫ్యాక్టరీలో తయారైన 7 నానోమీటర్ల చిప్పు. ఆండ్రాయిడ్ యాప్‌లతో పనిలేని సొంత ఆపరేటింగ్ సిస్టమ్ హార్మొనీ ఓఎస్ నెక్స్ట్ 2024లో వచ్చింది. కార్ల విషయంలో సంస్థది వేరే దారి: బండి తను తయారుచేయదు, దాని మెదడును సెరెస్ వంటి కంపెనీలకు ఇస్తుంది. 2024 ఆదాయం మళ్లీ 86,210 కోట్ల యువాన్లకు చేరింది.

ఇప్పుడు అసలు పోటీ కృత్రిమ మేధ చిప్పుల్లో. విడిగా చూస్తే హువావే అసెండ్ చిప్పు ఎన్విడియా చిప్పుకు సరితూగదు. అందుకే క్లౌడ్‌మ్యాట్రిక్స్ అనే తన వ్యవస్థలో 384 చిప్పులను ఫైబర్ తీగలతో కలిపి ఒకే యంత్రంలా నడుపుతోంది. కరెంటు విపరీతంగా తాగుతుంది, కానీ పని జరుగుతుంది. చిప్పులో ఉన్న లోటును కలిపే నేర్పుతో పూడ్చుకోవడం ఇది. ఆ నేర్పు ఎక్స్‌ఛేంజీల రోజుల నుంచి వచ్చిన ఆస్తి.

విదేశాల్లో మాత్రం పోయిన నమ్మకం తిరిగి రాలేదు. నిఘా సంస్థలకు సహకరించాలనే చైనా చట్టం ఉన్నంతకాలం ఈ పరికరాలతో గూఢచర్యం జరగొచ్చన్న అనుమానాన్ని కొట్టిపారేయలేం, హువావే ఎంత ఖండించినా. 2027 చివరికల్లా తమ 5జీ నెట్‌వర్కుల నుంచి దీని పరికరాలు తీసేయాలని బ్రిటన్ నిర్ణయించింది. భారత్ 2021లో అనుమతించిన 5జీ ప్రయోగాల్లో దీనికి చోటు దక్కలేదు.

చైనా మార్కెట్ ఒక్కటి చాలు, ఈ సంస్థ నిలబడుతుంది. ముందువరుసకు చేరాలంటే మాత్రం అత్యాధునిక చిప్పుల అచ్చుకు ఈయూవీ యంత్రాలు కావాలి. వాటిని అమ్మేది నెదర్లాండ్స్‌కు చెందిన ఏఎస్‌ఎంఎల్ ఒక్కటే, చైనాకు అమ్మడానికి దానికి అనుమతి లేదు.