ఇన్వర్‌కార్గిల్ నవలాకారుడి ఉద్యోగ జీవితం

న్యూజిలాండ్ దక్షిణ ద్వీపపు కొసన ఉన్న ఇన్వర్‌కార్గిల్‌కు 1856లో సర్వేయర్ జాన్ టర్న్‌బుల్ థామ్సన్ వీధులు గీసినప్పుడు వాటికి టే, డీ, ఎస్క్, స్పే అని స్కాట్లాండ్ నదుల పేర్లు పెట్టాడు. 1862లో ఈ ఊరికి ‘సౌత్‌ల్యాండ్ టైమ్స్’ అనే సొంత పత్రిక వచ్చింది. అయితే నవలాకారుడిని పోషించగలంత పుస్తక వ్యాపారం ఇక్కడ ఎన్నడూ ఏర్పడలేదు. దేశ జనాభా మొత్తం 1945లో 17 లక్షలే కాబట్టి, నవల రాసినవారు ప్రచురణకర్త కోసం, సమీక్షకుల కోసం, పాఠకులలో అధిక భాగం కోసం కూడా దాదాపు 19 వేల కిలోమీటర్ల దూరంలోని లండన్ వైపే చూడవలసి వచ్చేది. రాతప్రతి ఓడలో అక్కడికి చేరడానికి ఐదారు వారాలు పట్టేది. దానికి తోడు, వలస దేశాలలో అమ్ముడైన ప్రతులకు బ్రిటిష్ ప్రచురణకర్తలు స్వదేశపు అమ్మకాలకంటే తక్కువ రాయల్టీ, అంటే ప్రతి ఒక్కింటికి రచయితకు దక్కే వాటా, చెల్లించే ఆనవాయితీ ఉండేది. రచనను, దాని ప్రచారాన్ని, ఇంటి ఖర్చును ఒక్క మనిషి ఎలా మోయగలడన్న ప్రశ్నకు ఈ ఊరు ఇచ్చిన అత్యంత వివరమైన సమాధానం డాన్ డేవిన్ జీవితం.

డేవిన్ 1913లో ఇన్వర్‌కార్గిల్ పొలిమేరలోని మకరేవాలో ఐరిష్ కాథలిక్ కుటుంబంలో పుట్టాడు. మకరేవాకు రైల్వే చరిత్రలో విచిత్రమైన స్థానం ఉంది. ఇన్వర్‌కార్గిల్ నుంచి అక్కడికి 1864లో వేసిన మార్గంలో పట్టాలు ఇనుపవి కావు, చెక్కవి. వాన తడికి ఇంజను చక్రాలు జారిపోయేవి. ఓటాగో నుంచి 1861లో విడివడి ప్రత్యేక ప్రావిన్సుగా ఏర్పడిన సౌత్‌ల్యాండ్ ఇలాంటి ఖర్చుల వల్ల అప్పులపాలై, 1870లో తిరిగి ఓటాగోలో కలిసిపోయింది. డేవిన్ పుట్టేనాటికి పట్టాలు ఇనుపవయ్యాయి, రైల్వే కొలువు కార్మిక కుటుంబాలకు భద్రమైన బతుకుదెరువు అయింది. అతని తండ్రి కూడా రైల్వే ఉద్యోగే. స్కాటిష్ ప్రెస్బిటేరియన్లు అధికసంఖ్యాకులుగా ఉన్న ఊరిలో ఐరిష్ కాథలిక్కుల బతుకు కాస్త ఓరగా, తమలో తాము ఒదిగి సాగేది. ఓటు ద్వారా మద్యం దుకాణాలు మూయించుకున్న ఊరది. ఆ నిషేధం 1944 దాకా సాగింది. ఈ వాతావరణమంతా తర్వాత అతని కథలకు ముడిసరుకు అయింది.

ఓటాగో విశ్వవిద్యాలయంలో చదివి, రోడ్స్ స్కాలర్‌షిప్‌పై 1936లో ఆక్స్‌ఫర్డ్ చేరిన డేవిన్, 1939లో సౌత్‌ల్యాండ్‌కే చెందిన విన్నీ గాన్లీని పెళ్లాడాడు. యుద్ధంలో చేరి, 1941 మే నెలలో క్రీట్ ద్వీపంలో గాయపడ్డాడు. 1945లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్‌లో ఉద్యోగంలో చేరి, 1978లో విరమణ దాకా, అంటే 33 ఏళ్లు, అక్కడే ఉన్నాడు. ఈ సంస్థలో ఏ పుస్తకం అచ్చువేయాలో తేల్చేది డెలిగేట్లు, అనగా విశ్వవిద్యాలయం నియమించిన ఆచార్యుల మండలి. వారి ముందుకు వెళ్లే రాతప్రతులను నిపుణులకు పంపడం, అభిప్రాయాలు తెప్పించడం, ఆలస్యం చేసే పండితులను ఓపికగా తొందరపెట్టడం డేవిన్ వంటి అధికారుల పని. పగలంతా ఇతరుల పుస్తకాలను దారికి తెచ్చి, సాయంత్రం ఇల్లు, ముగ్గురు కుమార్తెలు, మిత్రబృందం చూసుకున్నాక మిగిలిన వేళ మాత్రమే సొంత నవలది.

ఆ వేళ ఎంత తగ్గిపోయిందో ప్రచురణ తేదీలే చెబుతాయి. ‘క్లిఫ్స్ ఆఫ్ ఫాల్’ 1945లో, ఎడారి యుద్ధం నేపథ్యంగా ‘ఫర్ ద రెస్ట్ ఆఫ్ అవర్ లైవ్స్’తోపాటు ‘ద గోర్స్ బ్లూమ్స్ పేల్’ కథల సంపుటి 1947లో, ఇన్వర్‌కార్గిల్ రైల్వే కుటుంబపు కథ ‘రోడ్స్ ఫ్రమ్ హోమ్’ 1949లో వచ్చాయి. తర్వాతి నవల 1956 దాకా రాలేదు. మధ్యలో న్యూజిలాండ్ ప్రభుత్వం తరఫున రాసిన ‘క్రీట్’ అనే అధికారిక యుద్ధ చరిత్ర (1953) అతని రాత్రులను మింగింది. 1959 నవల తర్వాత 1970లో వచ్చిన ‘నాట్ హియర్, నాట్ నౌ’ వరకు 11 ఏళ్ల ఖాళీ. ఉద్యోగం అతని కాలాన్ని తినేసిందని నింద వేయడం సులువే. కానీ ఆ జీతం లేకుంటే మొదటి మూడు నవలల తర్వాత ఇల్లు గడిచేదా అన్నది అంతకంటే గట్టి ప్రశ్న. ఆ కాలపు న్యూజిలాండ్ నవలాకారులకు, గ్రంథాలయాలలో పుస్తకాలున్నందుకు సొమ్ము చెల్లించే ఆథర్స్ ఫండ్ 1973లో గాని ఏర్పడలేదు.

తెలుగు నవలకు ఈ చిక్కు కొంత వేరుగా తీరింది. ఉపాధ్యాయుడైన కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ను 1878 నుంచి తన ‘వివేకవర్ధని’లోనే విడతలుగా ప్రచురించాడు, రచయితే సంపాదకుడు, ప్రచారకుడు కూడా. తరువాతి కాలంలో వారపత్రికల సీరియల్ విధానం పాఠకుడిని వెతికే భారాన్ని పత్రికల మీదికి మార్చింది. డేవిన్‌కు అటువంటి వారధి లేదు. 1947లో చార్లెస్ బ్రాష్ సంపాదకత్వంలో మొదలైన న్యూజిలాండ్ సాహిత్య పత్రిక ‘ల్యాండ్‌ఫాల్’ త్రైమాసికం కావడం వల్ల, నవలను వారం వారం మోసే వ్యవస్థ కాలేకపోయింది.

అంతకంటే ఆలోచించదగినది ఏమంటే, ప్రచారం విషయంలో డేవిన్ శక్తి తన పుస్తకాలపై కాక ఇతరుల పుస్తకాలపై ఖర్చయింది. వరల్డ్స్ క్లాసిక్స్ శ్రేణిలో న్యూజిలాండ్ కథల సంకలనం, కేథరీన్ మాన్స్‌ఫీల్డ్ ఎంపిక కథలు 1953లో అతని సంపాదకత్వంలో వెలువడి, మాతృదేశపు సాహిత్యాన్ని లండన్ పాఠకుడి చేతికి అందించాయి. విన్నీది కూడా ఇదే దారి: నవలాకారుడు జాయిస్ కేరీ మరణానంతరం ‘ద కాప్టివ్ అండ్ ద ఫ్రీ’ రాతప్రతిని సరిచేసి 1959లో అచ్చుకు సిద్ధం చేసింది ఆమే. డిలన్ థామస్, లూయిస్ మెక్‌నీస్, ఎనిడ్ స్టార్కీ వంటి మిత్రుల స్మృతులతో డేవిన్ రాసిన ‘క్లోజింగ్ టైమ్స్’ (1975) చదివితే, నవలలకు దక్కని నేర్పు, తీరిక ఆ పుటల్లో కనిపిస్తాయి. 1990లో ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో మరణించాక, సొంత ప్రాంతంలో డాన్ డేవిన్ లిటరరీ ఫౌండేషన్ పేరిట కథల పోటీలు నిర్వహించే సంస్థ ఏర్పడింది.