బోధన్ నుంచి బుద్ధుడి దాకా – 4: ఇనుము వచ్చింది కాబట్టి బుద్ధుడు వచ్చాడా?

పోయిన భాగం చదివి నిజామాబాద్‌లో డిగ్రీ చదివే ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, బౌద్ధం ఇనుప నాగలి వల్ల వచ్చిందని మా పుస్తకంల ఉంది. నువ్వేమో కులం అంటున్నవ్. పరీక్షల ఏం రాయాలె?" పరీక్షల పుస్తకంల ఉన్నదే రాయి తమ్మీ. ఇక్కడ మాత్రం కొంచెం మాట్లాడుకుందాం.

ఆ వాదన తీసిపారేసేది కాదు. డి.డి. కోశాంబి, ఆర్.ఎస్. శర్మ లాంటి వాళ్లు చెప్పింది ఇది: గంగా మైదానంలో ఇనుప పనిముట్లతో అడవి నరికారు, సాగు పెరిగింది, మిగులు వచ్చింది, పట్టణాలు లేచాయి. నాగలికి ఎద్దు కావాలి, యజ్ఞం అదే పశువును బలి అడుగుతుంది. అందుకే బలిని కాదన్న ధమ్మం రైతుకూ వ్యాపారికీ నచ్చింది. మతాన్ని ఆకాశం నుంచి నేలకు దించిన వాదన ఇది.

కానీ ఇనుము మనకూ ఉంది. తెలంగాణ రాకాసి గుళ్లలో బుద్ధుడికి ముందటి ఇనుప పనిముట్లు దొరికాయి. ఇంకా దగ్గరి సంగతి చూడండి. 1931లో నిజాంసాగర్ పూర్తయింది, 1937లో బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ మొదలైంది. నీళ్లు, చెరుకు, నగదు, పట్టణం, శర్మ గారు అడిగినవన్నీ వచ్చాయి. మా తాత ఆ చెరుకు నరికినవాడే. ఊరి హోటల్లో ఆయన గ్లాసు చూరులో చెక్కి ఉండేది. మిగులు వచ్చింది, గ్లాసు కదల్లేదు.

మిగులు ఉంటే తిరుగుబాటుకు వీలు దొరుకుతుంది. తిరగబడాలన్న కోపం ఎక్కడిది? అంబేద్కర్ పట్టుకున్నది దీన్నే. ఆయన దృష్టిలో బౌద్ధం ఒక విప్లవం, బ్రాహ్మణాధిపత్యం తిరిగి నిలబడటం ప్రతివిప్లవం. ఆ రాతప్రతులు 1987లో గానీ అచ్చు కాలేదు.

మన దగ్గరి సాక్ష్యం సుత్తనిపాతంలో ఉంది. అస్సక రాజ్యంలో గోదావరి ఒడ్డున బావరి అనే బ్రాహ్మణుడు ఉండేవాడు. అస్సక రాజధాని పోదన మన బోధనే అని చాలామంది చరిత్రకారుల మాట. బావరి యజ్ఞం చేసి ఉన్నదంతా దానమిచ్చాక, ఇంకో బ్రాహ్మణుడు వచ్చి అయిదు వందలు అడిగాడు. లేవంటే, ఏడో రోజున నీ తల ఏడు ముక్కలవుతుందని శపించాడు. బావరి తిండి మానేశాడు. చివరికి పదహారు మంది శిష్యులను బుద్ధుడి దగ్గరికి పంపాడు. అవిద్యే తల, దాన్ని పగలగొట్టేది విద్య అని బుద్ధుడి జవాబు. చరిత్రకారులు ఈ కథలో దక్షిణాపథం దారి వెతికారు. దారి నిజమే. కానీ వాళ్లను అంత దూరం నడిపించింది సరుకు కాదు, శాపం భయం.

అట్లని మనం కూడా కళ్లు మూసుకోవద్దు. దాసులకు, అప్పు ఉన్నవాళ్లకు సంఘంలో దీక్ష ఇవ్వొద్దని వినయ నియమం. గహపతుల ఆస్తి జోలికి తొలి బౌద్ధం పోలేదని ఉమా చక్రవర్తి 1987లోనే వివరంగా రాశారు. అడ్వాన్సు తీసుకున్న మా తాత లాంటి చెరుకు కూలీ భిక్షువు కావాలంటే ముందు అప్పు తీర్చాలి. ఈ లెక్క అంబేద్కర్‌వాదులం మనమే ముందుగా ఒప్పుకోవాలి.

అయినా పాకీ పనిచేసే సునీతుడు లోపలికి ఎట్లా పోయాడు? వచ్చే భాగంలో.