కాలవ వచ్చిన ఏడు: గుంటూరు, ప్రకాశం మెట్టలో వృద్ధాప్య వ్యాధుల పూర్వరంగం

‘జీవనశైలి వ్యాధులు’ అనే మాట వాడుకలోకి వచ్చాక నేరం రోగి మీద పడింది. నోరు కట్టుకోలేదు, నడవలేదు, అందుకే షుగరు వచ్చిందంటున్నాం. గుంటూరు, పల్నాడు, ప్రకాశం పల్లెల్లో ఇప్పుడు అరవై దాటుతున్నవాళ్ల బతుకును పుట్టుక నుంచి చూస్తే ఈ మాట నిలబడదు. వాళ్ల జీవనశైలి వాళ్లు ఎంచుకున్నది కాదు. కాలవతో, రేషను బియ్యంతో, పత్తితో, మోటారు బండితో అది వాళ్ల ఇళ్లలోకి వచ్చింది. ఆ వచ్చిన వరసలోనే రేపటి జబ్బుల మూలం ఉందని ఈ వ్యాసంలో నా వాదన.

1967లో నాగార్జునసాగర్ కాలవలకు నీళ్లు వదిలారు. అంతకుముందు కుడికాలవ కింది మెట్ట పొలాల్లో జొన్న, సజ్జ, వరిగ, కొర్ర పండేవి. పేద ఇంట్లో వరి అన్నం పండగనాటి మాట. ఆ రోజుల్లో కడుపున పడ్డ బిడ్డకు అందిన తిండి వానను బట్టి, తల్లి కూలిని బట్టి ఉండేది. ఆ బిడ్డ ఎదిగి సంసారంలో పడేనాటికి పరిస్థితి తిరగబడింది. మాగాణి వచ్చింది. 1983లో ఎన్‌టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చింది. 1986లో బాపట్ల పరిశోధనా కేంద్రం నుంచి బీపీటీ 5204, మనం సాంబ మసూరి అని పిలిచే సన్న రకం, విడుదలైంది. ఆకలి తీరడం చిన్న సంగతి కాదు, దాన్ని తక్కువ చేసే హక్కు ఎవరికీ లేదు. కానీ కరువుకు అలవాటుపడిన ఒంటికి కలిమి వచ్చింది.

ఈ తేడా ఎంత ముఖ్యమో 1989లో ఇంగ్లండులో డేవిడ్ బార్కర్ బృందం చూపింది. హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో 1911 నుంచి 1930 వరకు నర్సులు పుట్టిన బిడ్డల బరువులు పుస్తకాల్లో రాసిపెట్టారు. ఏడాది నిండేసరికి బాగా తక్కువ బరువున్న మగపిల్లలే పెద్దయ్యాక గుండెజబ్బుతో ఎక్కువగా చనిపోయారు. మన దగ్గరా ఇలాంటి ఆధారం ఉంది. 1987–90లో హైదరాబాదు పరిసర గ్రామాల్లో గర్భిణులకూ, చిన్నపిల్లలకూ అదనపు పోషకాహారం పెట్టారు. ఆ పిల్లలకు 13 నుంచి 18 ఏళ్లు వచ్చాక పరీక్షిస్తే, తిండి అందని పక్క ఊళ్ల పిల్లలకంటే సగటున 14 మిల్లీమీటర్లు పొడుగున్నారు. వాళ్ల ఒంట్లో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది, రక్తనాళాల బిరుసు తక్కువగా ఉంది. తల్లి తిన్న ఒక పూట తిండి పదిహేనేళ్ల తర్వాత నాడిలో పలుకుతుందనే మాటకు ఇంతకంటే దగ్గరి సాక్ష్యం నేను చూడలేదు.

తర్వాతి మెట్టు కంచంలో ఉంది. 2020లో వెలువడిన బహుళదేశ అధ్యయనం ప్రకారం దక్షిణాసియాలో రోజుకు 450 గ్రాములు, అంతకుమించి తెల్లన్నం తినేవాళ్లలో, 150 గ్రాముల లోపు తినేవాళ్లకంటే, మధుమేహం ముప్పు 61 శాతం ఎక్కువ. మన రైతు మూడు పూటలా తినే అన్నం ఆ కొలతను సులభంగా దాటుతుంది. అంత అన్నాన్ని అరిగించే పని మాత్రం చేజారింది. నాగలి పోయి ట్రాక్టరు, కలుపుతీత పోయి గడ్డిమందు, పొలానికి నడక పోయి మోటారు సైకిలు వచ్చాయి. 2023లో ఐసీఎంఆర్ సర్వే దేశంలో పెద్దవాళ్లలో 11.4 శాతానికి మధుమేహం, 35.5 శాతానికి రక్తపోటు ఉన్నట్టు తేల్చింది. ఇది పట్నం జబ్బు అనుకునేవాళ్లు ఇంకో లెక్క చూడాలి. 2003–04లో గోదావరి జిల్లాల 45 ఊళ్లలో మరణాలను పరిశీలిస్తే సుమారు మూడో వంతు గుండె, రక్తనాళాల జబ్బులవే.

అయితే ఈ మార్పు అందరికీ ఒకేలా రాలేదు. మిర్చి కోతలకు కర్నూలు వైపు నుంచి వలస వచ్చే కూలి ఆడవాళ్ల నడుము ఇప్పటికీ వంగే ఉంటుంది. భూమి ఉన్న ఒళ్లు సేదతీరింది, లేని ఒళ్లు అరుగుతూనే ఉంది. రెండు రకాల ముసలితనాలు రాబోతున్నాయి. ఒకటి చక్కెరతో, ఇంకొకటి కీళ్లతో.

పత్తిచేలల్లో మరో పొర ఉంది. 1980లలో పైరిత్రాయిడ్ మందులు విపరీతంగా కొట్టడంతో తెల్లదోమ ఉధృతమై, 1987–88లో గుంటూరు, ప్రకాశం రైతులు నిలువునా మునిగారు. ప్రాణాలు తీసుకున్నవారూ ఉన్నారు. ఆనాడు ముఖానికి గుడ్డ కూడా లేకుండా పంపు భుజాన వేసుకున్న పాతికేళ్ల యువకులకు ఇప్పుడు అరవై దాటింది. పురుగుమందులతో పార్కిన్సన్ వ్యాధికి సంబంధం ఉందని ఇతర దేశాల అధ్యయనాలు బలంగా సూచించాయి. ఫ్రాన్స్ 2012లో రైతులకు దాన్ని వృత్తి వ్యాధిగానే గుర్తించింది. మన పల్లెల్లో చేతి వణుకును ‘వయసు’ అనేస్తున్నాం. చేలో కొట్టిందీ మందే, ఇప్పుడు మింగుతున్నదీ మందే. రెంటికీ సంబంధం వెతకాల్సిన బాధ్యత పరిశోధకులది.

పడమటి దిక్కున దర్శి, పొదిలి, కనిగిరి ఉన్నాయి. 1937లో షార్ట్ అనే పరిశోధకుడి బృందం ఈ ప్రాంతంలోనే, అప్పుడది నెల్లూరు జిల్లా, నీటిలోని ఫ్లోరైడ్‌తో వచ్చే ఎముకల జబ్బు ఫ్లోరోసిస్‌ను వివరించింది. అక్కడి ముసలివాళ్ల ఎముకల గట్టిదనాన్ని, వంగిన వెన్నును సాధారణ కీళ్లనొప్పులుగా లెక్కవేస్తే పొరపాటు.

ఈ జబ్బుల్లో ఆసరాగా ఉండాల్సిన సంతానమూ తగ్గింది. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒక్కో మహిళకు పిల్లల రాష్ట్ర సగటు 1.7. ఉన్న ఒకరిద్దరు పిల్లలు హైదరాబాదులోనో, అమెరికాలోనో. ఇన్సులిన్ సూది వేసుకోవాల్సిన చేతికి పక్కన ఇంకో చేయి లేదు.

ఈ మెట్ట ప్రాంతం పరిశోధకుడికి అరుదైన అవకాశం ఇస్తుంది. కాలవ నీళ్లు ముందుగా అందిన ఊళ్లూ, ఆలస్యంగా అందినవీ, ఇప్పటికీ అందనివీ పక్కపక్కనే ఉన్నాయి. నేల, కులాలు, వంట దాదాపు ఒకటే, నీళ్ల తేదీ వేరు. ఆ ఊళ్లను పోల్చితే పుట్టినప్పటి కొరతకూ, తర్వాతి కలిమికీ మధ్య లంకె తెలుస్తుంది. 1975లో మొదలైన అంగన్‌వాడీల బరువు రిజిస్టర్లు ఎక్కడైనా మిగిలి ఉంటే వాటిని భద్రపరచాలి. హెర్ట్‌ఫర్డ్‌షైర్ నర్సుల పుస్తకాలకు మన దగ్గర దగ్గరి పోలిక అవే. ఇంకో పని రేపే మొదలుపెట్టవచ్చు. బీపీ చూడటానికి అరుగు మీద కూర్చున్న ఏఎన్ఎం పెద్దావిడను అడగాలి: “చిన్నప్పుడు మీ ఇంట్లో ఏం తిన్నారు మామ్మా? మీ ఊరికి కాలవ ఏ ఏడు వచ్చింది?” ఆ జవాబును బీపీ అంకె పక్కనే రాయాలి.