మన తెరమీద దుష్ట శాస్త్రజ్ఞుడు

దుష్ట శాస్త్రజ్ఞుడనే పాత్ర మన సినిమాకు పడమటి దేశాలనుంచి దిగుమతి అయిన సరుకని సాధారణంగా అంటూ వుంటారు. 1818లో మేరీ షెల్లీ ప్రకటించిన ‘ఫ్రాంకెన్‌స్టయిన్’ నవల, 1931లో హాలీవుడ్ దాన్ని తెరకెక్కించిన తీరు, ఆ తర్వాత అమెరికా బొమ్మల కథల్లో 1940లో పుట్టిన లెక్స్ లూథర్, 1963లో పుట్టిన డాక్టర్ ఆక్టోపస్ - ఇదీ వారు చూపే వంశవృక్షం. ఇందులో అబద్ధం లేదు. కాని ఇది సగం చరిత్రే. సీసాలూ గొట్టాలూ రంగు దీపాలూ పడమటివి కావచ్చు. వాటి వెనుక నిలబడిన మనిషిని తెలుగు ప్రేక్షకుడు చాలా ముందే ఎరుగును. వాడి పేరు మాంత్రికుడు.

1951లో విజయావారి ‘పాతాళభైరవి’ వచ్చింది. దర్శకుడు కె.వి. రెడ్డి మా సీమవాడే, తాడిపత్రి మనిషి. మాటలు పింగళి నాగేంద్రరావువి. అప్పటికి మా కోసిగి బళ్ళారి జిల్లాలో వుండేది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని తాలూకాతోబాటు ఇటు వచ్చింది. కన్నడమూ తెలుగూ కలిపి మాట్లాడే ఈ సరిహద్దు వూళ్ళలో తోటరాముడి సాహసంకంటే ఎస్.వి. రంగారావు వేసిన నేపాళ మాంత్రికుణ్ణే పెద్దవాళ్ళు ఎక్కువగా తలుచుకోవడం నేను విన్నాను. దుష్టపాత్ర అంతగా నిలిచిపోవడానికి నటన ఒక కారణమనడంలో సందేహం లేదు. అయితే నటన ఒక్కటే కాదు.

ఆ మాంత్రికుడు చేసేదేమిటో ఒకసారి నిదానంగా చూద్దాం. కోరింది ఇచ్చే ప్రతిమ అతనికి కావాలి. దానికి సాహసవంతుడైన యువకుణ్ణి బలి ఇవ్వాలి. అటువంటివాడు ఎక్కడున్నాడో తన విద్యతో కనిపెట్టుకుని ఉజ్జయినికి వస్తాడు. రాముణ్ణి పొగుడుతాడు, ధైర్యం చెబుతాడు, వెంట తీసుకుపోతాడు. బలి సంగతి మాత్రం చెప్పడు. ఇంత చేసినా అతనికి రాముడిమీద ఆవగింజంత పగ లేదు. విమర్శకులు సాధారణంగా దాటిపోయే ఈ విషయమే నాకు ముఖ్యమని తోస్తుంది. పగ వున్నచోట ఎదుటివాడు మనిషిగానే వుంటాడు. పగవాడి పేరు మనకు గుర్తుంటుంది, వాడి మాట మనల్ని పొడుస్తుంది. ఇక్కడ అదేమీ లేదు. జాతరకు పొట్టేలును ఎంచేవాడు దాన్ని ద్వేషించడు. పళ్ళు చూస్తాడు, వన్నె చూస్తాడు, కుంటిదీ గుడ్డిదీ కాకుండా చూసుకుంటాడు. రాముడి మంచి గుణాలన్నీ మాంత్రికుడి దృష్టిలో అటువంటి లక్షణాలే. ఏ సాహసంవల్ల రాముడు మనకు నాయకుడయ్యాడో ఆ సాహసమే అతన్ని కత్తికి అర్హుణ్ణి చేసింది. ఇంతకంటె పూర్తి అయిన దుర్మార్గం నాకు మన తెరమీద మరొకటి కనపడలేదు.

దీనిమీద ఒక ఆక్షేపణ రావచ్చు. విద్య నేర్చినవాణ్ణి దుర్మార్గుడిగాను, తోటమాలి కొడుకును వీరుడిగాను చూపడం చదువుమీద అనుమానాన్ని పెంచడం కాదా అని. నేను అలా అనుకోను. ఆ సినిమాలోనే, రాముడి చేతిలో బలి అయిపోయిన మాంత్రికుణ్ణి శిష్యుడు సదాజప సంజీవనితో బతికిస్తాడు. చంపబోయినదీ విద్యే, బతికించినదీ విద్యే. మన పురాణం శుక్రాచార్యుణ్ణి రాక్షసులకు గురువును చేసింది గాని, మృతసంజీవని తెలిసిన నేరానికి ఆయన్ను రాక్షసుడని పిలవలేదు. విద్యనూ దాన్ని పట్టిన చేతినీ వేరుగా చూడడం మనకు ఆధునికులు వచ్చి నేర్పవలసిన సంగతి కాదు.

‘పిచ్చి’ అన్న మాట వుంది. దుష్ట శాస్త్రజ్ఞుణ్ణి లోకమంతా పిచ్చివాడంటుంది. చెదిరిన జుట్టు, పెద్ద నవ్వు, గుడ్లు తిప్పడం - మా తరగతిలో పిల్లలను అడిగినా వాడి గుర్తులు ఇవే చెబుతారు. నా మటుకు నాకు ఇది తప్పుడు ఆనవాలుగా కనిపిస్తుంది. నిజంగా పిచ్చివాడైతే వాడిమీద జాలి పడాలి, ఆసుపత్రికి పంపాలి. నేపాళ మాంత్రికుడికి పిచ్చి లేదు. అతనంత లెక్క తెలిసినవాడు ఆ కథలో మరొకడు లేడు. 1946 డిసెంబరునుంచి 1947 ఆగస్టువరకు నూరెంబర్గులో విచారణకు నిలబడిన 23 మందిలో అత్యధికులు వైద్యులే. ఖైదీలమీద ప్రయోగాలు చేసిన వారిని ఆ కోర్టు పిచ్చివాళ్ళని వదిలిపెట్టలేదు. ఏడుగురిని ఉరితీశారు. ఆ తీర్పులో ఇకముందు ప్రయోగాలకు విధించిన పది నియమాల్లో మొదటిది, ప్రయోగానికి లోబడే మనిషి తన ఇష్టంతో ఒప్పుకుని వుండాలనేది. తోటరాముణ్ణి ఎవరూ అడగనిది సరిగ్గా ఇదే.

ఈ కొలతతో ఇటీవలి వీరాద్భుత చిత్రాలను చూస్తే కొన్ని పాత్రలు చిన్నవైపోతాయి. 1991లో సింగీతం శ్రీనివాసరావు ‘ఆదిత్య 369’ తీశాడు. ఆయన కె.వి. రెడ్డి దగ్గర పని నేర్చుకున్నవాడు కావడం గమనార్హం. అందులో కాలయంత్రం కనిపెట్టిన ప్రొఫెసరు మంచివాడు. దుర్మార్గం పురాతన వస్తువులను దొంగిలించి దాచుకునే ధనవంతుడిది. 2013లో వచ్చిన ‘క్రిష్ 3’ విలన్ రోగాన్ని తానే పుట్టించి, మందును తానే అమ్ముతాడు. భయంకరమే. కాని కరువుకాలంలో ధాన్యం దాచే వ్యాపారికి ఇది పెద్ద రూపం. 2024లో వచ్చిన ‘హనుమాన్’లో విలన్ మైకేల్ తానే మహావీరుడు కావాలని కలగంటాడు. శాస్త్రం తెలిసిన స్నేహితుడు అతనికి యంత్రాలు చేసిపెడతాడు. శాస్త్రజ్ఞుడు అక్కడ కొలువులో వున్నవాడే గాని కర్త కాడు.

శంకర్ తీసిన ‘రోబో’ (2010) వీటికంటే ఆలోచింపజేస్తుంది. డాక్టర్ బోరా మొదట చెప్పే అభ్యంతరం న్యాయమైనదని చాలామంది మరచిపోయారు. మంచిచెడ్డలు తెలియని యంత్రం చేతికి కత్తి ఇస్తే తనను సృష్టించినవాడినైనా పొడుస్తుందని అతను అందరి ఎదుటా రుజువు చేస్తాడు. మరోవైపు వశీకరన్ మంచివాడు. అయినా అతని యంత్రం, స్నానం చేస్తున్న ఆడపిల్లను మంటల్లోంచి కాపాడబోయి నలుగురిలోకి నగ్నంగా తెచ్చి నిలబెడుతుంది. ఆ పిల్ల సిగ్గుతో పరుగెత్తి వాహనం కింద పడి చనిపోతుంది. ఫలితాన్నిబట్టే దుర్మార్గాన్ని నిర్ణయించేట్లయితే అక్కడికి వశీకరనే దోషి. ప్రేక్షకుడు అలా అనుకోడు, సరిగానే అనుకోడు. వశీకరన్ ఆ చావును తన లెక్కలో వేసుకుని యంత్రానికి మనసు తెలియజెప్పే ప్రయత్నంలో పడతాడు. బోరా ప్రమాదమేమిటో అందరికంటే బాగా తెలిసివుండీ, ఆ యంత్రాన్నే చెత్తకుప్పలోంచి ఏరితెచ్చి హంతకులకు అమ్మకానికి సిద్ధం చేస్తాడు. ఎవరు చస్తారన్నది అతని లెక్కలోకి రాదు.

దాని తర్వాతి భాగం ‘2.0’ (2018)లో పక్షిరాజు సంగతి వేరు. పిట్టలకోసం ఏడ్చి ప్రాణం తీసుకున్న ముసలి పండితుడు పగతో తిరిగి వచ్చి మనుషులను చంపుతాడు. నేరం నేరమే. అయినా ప్రతి పిట్టకూ ఒక ప్రాణమున్నదని పట్టుబట్టినవాణ్ణి బోరా పక్కన కూర్చోబెట్టడానికి నాకు మనసొప్పదు.

మాంత్రికుడికి నిజమైన వారసుడు 2024లోనే వచ్చాడు. నాగ్ అశ్విన్ ‘కల్కి 2898 ఏడీ’లో సుప్రీం యాస్కిన్. ఎండిపోయిన లోకంపైన కాంప్లెక్స్ అనే కోట. అందులో గర్భం దాల్చగల స్త్రీలను తెచ్చి ఒక ప్రయోగశాలలో వుంచుతారు. గర్భంలోని శిశువునుంచి తీసిన ద్రవం యాస్కిన్ శరీరానికి కావాలి. కథానాయిక పేరు అక్కడ పేరు కాదు, సమ్-80 అనే గుర్తు. బయటి మనుషుల్లోకి వచ్చిన తర్వాతనే ఆమె సుమతి అవుతుంది. యుద్ధాలకూ వాహనాలకూ ఆ చిత్రంలో ఖర్చు చేసిన కాలమూ డబ్బూ అపారం. నన్ను కలతపెట్టింది మాత్రం ఆ అంకె. యాస్కిన్‌కు ఆ స్త్రీమీద పగ లేదు. ఆమె ఎవరో కూడా అతనికి అక్కరలేదు.

పేదవాడి శరీరంమీద జరిగిన ప్రయోగమంతా ఇటువంటిదేనా అంటే కాదు. 1897 జనవరిలో బొంబాయిలో హాఫ్‌కిన్ తాను తయారుచేసిన ప్లేగు టీకాను మొదట తన ఒంటిలోకే ఎక్కించుకున్నాడు. ఆ సంవత్సరమే ఆగస్టులో మన సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ మలేరియా రోగిని దోమలచేత కుట్టించి, ఆ దోమలను కోసి, వాటి కడుపులో రోగక్రిమిని కనిపెట్టాడు. ఆ రోగి పేరు హుసేన్ ఖాన్. కుట్టిన దోమల లెక్కన అణాలు తీసుకున్నాడు. తెల్లదొరకూ రోగికీ మధ్య ఆ బేరం సమానమైనదని నేను అనను. కాని బేరమంటూ ఒకటి జరిగింది, ఆ మనిషి పేరు చరిత్రలో మిగిలింది.

మా ప్రాంతంలో పత్తి విత్తనాల చేలున్నాయి. 1970లో సూరత్‌లో సి.టి. పటేల్ వ్యాపారానికి పనికివచ్చే మొదటి సంకరజాతి పత్తిని విడుదల చేశాడు. గొప్ప పని. అయితే ఆ విత్తనం తయారు కావాలంటే సాయంత్రం ఒక్కొక్క మొగ్గలోంచి పుప్పొడి కేసరాలను చేత్తో తీసెయ్యాలి, మరునాడు పొద్దున వేరే చెట్టు పుప్పొడి అద్దాలి. దీన్ని మావాళ్ళు ‘క్రాసింగ్’ అంటారు. మొక్క పొట్టిది, మొగ్గ సున్నితం, అందుకని చిన్న చేతులు మేలని కర్నూలు జిల్లా చేలలో ఆడపిల్లలను ఏళ్ళతరబడి పెట్టుకున్నారు. పటేలును ఎవరూ దుష్ట శాస్త్రజ్ఞుడనరు, నేనూ అనను. పిల్ల వేలి సన్నదనాన్ని లక్షణంగా చూసిన ఆ చూపు మాత్రం నేపాళ మాంత్రికుడిదే. అది పంచుకోబడ్డది - కంపెనీకి కొంత, మధ్యవర్తికి కొంత, రైతుకు కొంత, అప్పులపాలైన తండ్రికి కొంత. అంత మందిలో పంచిన తర్వాత ఎవరి ముఖంమీదా నవ్వు గాని చెదిరిన జుట్టు గాని కనపడదు.

2009 జూలైలో ఖమ్మం జిల్లా మూడు మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ళ బాలికలు దాదాపు 14 వేలమందికి గర్భాశయ ముఖద్వార కాన్సరును అరికట్టే టీకా వెయ్యడం మొదలుపెట్టారు. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని అది. అనేకులు గిరిజన పిల్లలు, హాస్టళ్ళలో చదివేవారు. కొందరు బాలికలు చనిపోవడంతో అలజడి రేగి 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగిపోయింది. ఆ చావులకు టీకా కారణమని విచారణలో తేలలేదు. టీకా మంచిదేనని ఇవాళ లోకమంతా ఒప్పుకున్నది కూడా. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీసంఘం తప్పుపట్టినది మరొకదాన్ని. ఆంధ్రప్రదేశ్‌లోని 9,543 అంగీకార పత్రాల్లో 2,763 పత్రాలమీద సంతకాలు హాస్టలు వార్డెన్లవి. 1,948 వేలిముద్రలు.

ఈ వార్డెనును ఇంతవరకు ఏ సినిమాలోనూ నేను చూడలేదు. చూపడం కష్టమే. అతనికి కోట లేదు, శిష్యుడు లేడు, కోరింది ఇచ్చే ప్రతిమ లేదు. పైనుంచి వచ్చిన కాగితాలకట్ట, ఒక పెన్ను, సాయంత్రంలోగా పంపాలన్న ఉత్తర్వు ఉన్నాయి. పిల్లల పేర్లు అతనికి తెలుసు. రోజూ హాజరు పిలిచేది అతనే.