గాలపుకఱ్ఱకు ఉంగరముల కట్టు



గంపలగూడెము, తిరువూరు ప్రాంతముల గ్రామములలో గాలము నెఱుగని వారుండరు. కట్టలేటి మడుగుల కడను, ఊరిచెఱువు తూముకడను వెదురుకఱ్ఱ చేతబట్టి, నీటిపై దేలు బెండును చూచుచు ప్రొద్దు గడపినవారు మీలో ననేకులుందురు. ఆ కఱ్ఱ నిర్మాణము మిక్కిలి సులభము. వెదురుకొన, కొనకు కట్టిన త్రాడు, త్రాటికి బెండు, అడుగున గాలము, గాలమునకు వానపాము ఎఱ. ఇంతకన్న నందేమియు లేదు. చేయి చాచి, కఱ్ఱ చాచి, త్రాడు చాచినంతమేరయే వేటగాని కధీనము. కొఱమీనో వాలుగయో గాలము మ్రింగి ఒక్క పెట్టున లాగెనా, త్రాడు తెగవలెను, కఱ్ఱ విఱుగవలెను, లేదా చేప లొంగవలెను. నాల్గవ మార్గము లేదు.

ఆ నాల్గవ మార్గమును మనుష్యుడు కనుగొన్న చరిత్రయే నేటి ప్రసంగ విషయము. చేప బలముగా లాగునపుడు త్రాడు విడుచుట, అది అలసినపుడు చుట్టుకొనుట యను ఉపాయమది. దీనికై కఱ్ఱ మొదట నొక చక్రమును, కఱ్ఱ పొడవునను చిన్న చిన్న యుంగరములను అమర్చిరి. పాము చావవలెను, కఱ్ఱ విఱుగరాదు అను సామెతకు ఇంతకన్న చక్కని యుదాహరణము దొరకదు. చక్రమును చూచి యందఱును మెచ్చుకొందురు. ఉంగరమును, దానిని కఱ్ఱకు బంధించిన దారమును తలచువారు తక్కువ. కాని యొక్క యుంగరపు కట్టు సడలినను చక్రము వలన ప్రయోజనము లేదు.

గాలపువేట మన దేశమున రాజులకును వినోదమై యుండెను. కల్యాణి రాజధానిగా నేలిన పశ్చిమ చాళుక్యులలో మూడవ సోమేశ్వరుడు క్రీ.శ. 1127 మొదలు 1138 వఱకు రాజ్యము చేసెను. ఆ వంశమువారి యేలుబడి నేటి తెలంగాణములో కొంతభాగమునకును వ్యాపించి యుండెను. ఈ రాజు సంస్కృతమున 'మానసోల్లాసము' అను గ్రంథమును రచించెను. దీనికే 'అభిలషితార్థ చింతామణి' యను నామాంతరము కలదు. నూఱు అధ్యాయముల గ్రంథమది. అందు నాల్గవ వింశతి యంతయు వినోదములకు కేటాయింపబడినది. గజము, అశ్వము, మల్లయుద్ధము, కోడిపందెము మున్నగువానితో పాటు మత్స్యవినోదమునకును అందు చోటు దొరకినది. చేపల జాతులు, వానికి మేపవలసిన మేత, గాలము, త్రాడు, కఱ్ఱ మొదలగు విషయములు అందు కలవు. మత్స్యశాస్త్రజ్ఞుడైన సుందర లాల్ హోరా 1951లో ఈ అధ్యాయమును గూర్చి వ్యాసము వ్రాసి, పండితలోకమునకు దాని విలువను తెలిపెను.

చక్రముతో కూడిన గాలపుకఱ్ఱకు మనకు తెలిసిన మొదటి సాక్ష్యము చీనాదేశపు చిత్రమొకటి. మా యువాన్ అను చిత్రకారుడు క్రీ.శ. 1195 ప్రాంతమున వ్రాసినదని చెప్పబడు నా చిత్రమున, శీతకాలపు సరస్సులో నొంటరి పడవపై నొకడు కూర్చుండి వేటాడుచున్నాడు. అతని కఱ్ఱకు చిన్న చక్రము కలదు. ఇంగ్లండు గ్రంథములలో చక్రము ప్రస్తావన 1651లో థామస్ బార్కరు వ్రాసిన పుస్తకమున కనబడుచున్నది. రెండేండ్లకు, 1653లో, ఐజాక్ వాల్టను తన ప్రసిద్ధ గ్రంథమును ప్రకటించెను. చక్రము వచ్చిన పిమ్మట ఉంగరములు రాక తప్పలేదు. చక్రము నుండి కొన వఱకు త్రాడు దారి తప్పక పోవలెనుగదా! మొదట కొనయందొక్క యుంగరము, తరువాత కఱ్ఱ పొడవునను అనేకములు వచ్చినవి. తొలినాటివి కఱ్ఱకు వ్రేలాడు తీగచుట్టలు. వాన కురిసినపుడు తడిసిన త్రాడు తడికఱ్ఱ కంటుకొని కదలకుండెడిది. ఆ లోపమును తీర్చుటకై 19వ శతాబ్దమున కఱ్ఱనుండి ఎత్తుగా నిలిచి యుండు ఉంగరములు, పామువలె మెలిదిరిగిన తీగ ఉంగరములు వాడుకలోనికి వచ్చినవి.

ఇచ్చట మన వెదురు ప్రస్తావన రావలెను. 1840 ప్రాంతమున అమెరికాలోని ఈస్టను పట్టణమున శామ్యూల్ ఫిలిప్పి అను తుపాకులు చేయువాడు వెదురును నిలువుగా చీల్చి, ఆ బద్దలను జిగురుతో నతికి గాలపుకఱ్ఱలు చేసెను. అతడు ఫిడేళ్లను కూడ చేయుచుండెనట. కఱ్ఱ పలుకునెఱిగినవాడనుట కిది చాలును. అతడును, అతని వెనుకటివారును వాడిన వెదురు కలకత్తా రేవునుండి పోయినది. దానిని వారు కలకత్తా వెదురనియే పిలిచిరి. మన యడవులలో సాధన వెదురని పేరుగల గట్టిజాతి యదియే. తరువాత దక్షిణ చీనా వెదురు దాని స్థానము నాక్రమించినది. కాని కొన్ని దశాబ్దముల పాటు సముద్రములకావల సంపన్నుల చేతులలో వంగి లేచినది మన వెదురే.

మన ప్రాంతము మద్రాసు రాజధానిలో నున్న కాలమున హెన్రీ సల్లివన్ థామస్ అను సివిలు ఉద్యోగి 1873లో భారతదేశపు గాలపువేటను గూర్చి యొక గ్రంథమును, 1887లో చెఱువులలో గాలము వేయుటను గూర్చి మఱియొక గ్రంథమును ప్రకటించెను. దొరలు ఉంగరముల కఱ్ఱలను ఓడలపై తెప్పించుకొనుచుండిరి. మన పల్లెవారి గాలమునకు చక్రము లేదు గనుక ఉంగరముతో పనిలేకపోయెను. వెదురు పుట్టినచోట ఉంగరము లేదు. ఉంగరము పుట్టినచోట వెదురు లేదు. చరిత్రలో నిట్టి విచిత్రములు పెక్కులు కలవు.

ఇక ఉంగరమును దారముతోనే యేల కట్టవలెను? ఇనుపమేకు కొట్టినచో చాలదా యని కొంద ఱడుగవచ్చును. చాలదు. వెదురు బలమంతయు పైపొరలో నున్నది. అడ్డముగా కోసి చూచినచో వెలుపలిభాగమున నారపోగులు దట్టముగను, లోపలికి పోనుపోను పలుచగను కనబడును. కఱ్ఱ వంగునపుడు ఎక్కువ భారమును మోయునది యా పైపొరయే. అచ్చట మేకు కొట్టినను, గాడి తీసినను, ఎచ్చట విఱుగవలెనో కఱ్ఱకు మనమే చెప్పినట్లగును. జిగురు మాత్రమే పూసినచో, కఱ్ఱ వంగునుగాని లోహపు పాదము వంగదు. నడుమనున్న జిగురు పగిలిపోవును. దారము కఱ్ఱను గాయపఱుపదు. కఱ్ఱతో పాటు తానును వంగును. రోకలికిని, చేతికఱ్ఱకును పొన్ను వేయుట మీ రెఱుగుదురు. దారపుకట్టు మెత్తని పొన్ను వంటిది.

ఆ కట్టు మోయు భారము స్వల్పము కాదు. చక్రము కఱ్ఱ క్రింద నుండు పద్ధతిలో ఉంగరములును క్రిందనే యుండును. చేప లాగగా కఱ్ఱ విల్లువలె వంగును. త్రాడు అల్లెత్రాడువలె తిన్ననగుటకు ప్రయత్నించుచు, ప్రతి యుంగరమును కఱ్ఱనుండి ఊడబెఱుకజూచును. అప్పుడు దానిని నిలుపునది దారమే. చక్రము మీదనుండు పద్ధతిలో త్రాడు ఉంగరములను కఱ్ఱ కదుముచునే, ప్రక్కకు ద్రిప్పి కఱ్ఱను మెలిపెట్టజూచును. ఉంగరములు తక్కువైనచో త్రాడు కఱ్ఱకు తగిలి రాచుకొనును. ఎక్కువైనచో కొన బరువై కఱ్ఱ చుఱుకుదనము పోవును. కావున సుమారు అడుగున కొకటి చొప్పున, మొదట ఎడమెడముగను, కొనకు పోనుపోను దగ్గఱ దగ్గఱగను అమర్తురు.

కట్టుటకు ముందు ఉంగరమును తాత్కాలికముగా నిలుపుట యొక నేర్పు. తిరువూరునకు చేరువనున్న నూజివీడు వీణలకు ప్రసిద్ధి. వీణ మెట్లను మైనముపై నిలిపి, స్వరము కుదురువఱకు ఇటునటు జరిపి, పిమ్మట స్థిరపఱతురు. ఉంగరముల విషయమునను పద్ధతి యిదియే. సన్నని రబ్బరు గొట్టమునుండి కోసిన చిన్న వలయములతో గాని, అంటుకాగితపు పేలికతో గాని ఉంగరపు రెండు పాదములను కఱ్ఱకు పట్టింతురు. తరువాత త్రాటిని అన్నింటి గుండ దూర్చి, కొనకు బరువు కట్టి, కఱ్ఱను వంచి చూతురు. త్రాడు కఱ్ఱ వంపును చక్కగా ననుసరించువఱకు ఉంగరములను జరుపుదురు. పిమ్మట వడ్రంగి దూలమును చూచినట్లు ఒంటికంటితో మొదటినుండి కొనకు చూచి, అన్నియు నొక్క వరుసలో నున్నవని నిశ్చయించుకొందురు.

అటుపై కట్టు. ఉంగరపు పాదము కొసను ఆకురాయితో గీసి గీసి కాగితమువలె పలుచన చేయవలెను. లేనిచో దారము కఱ్ఱమీదినుండి పాదము మీదికి ఎక్కుచోట సందు మిగులును. పాదపు మొన కఱ్ఱను పొడుచును. దారము మొదటికొసను దాని చుట్లక్రిందనే యడచి, బొంగరమునకు త్రాడు చుట్టినట్లు చుట్టు ప్రక్క చుట్టు, ఒకదాని నొకటి తాకునట్లు, ఉంగరము వైపునకు చుట్టుచు పోవలెను. బిగువు సమానముగా నుండుటకై దారపుండను చెంబులో వేసి, దారమును బరువైన పుస్తకపు పుటల నడుమనుండి రానిచ్చుట పాతకాలపు ఉపాయము. ఒక పాదము చుట్టుచుండగా రెండవ పాదమును రబ్బరు వలయము పట్టియుంచును. దాని వంతు వచ్చినపుడు వలయమును తీసివేయుదురు. ముగియుటకు ఆఱేడు చుట్లుండగా వేఱొక దారమును మడిచి, ఆ మడత ఉంగరము వైపునకు నిలుచునట్లు కఱ్ఱపై పఱచి, దానిమీదుగా మిగిలిన చుట్లు చుట్టి, కోసిన కొసను ఆ మడతలో దూర్చి లాగుదురు. కొస చుట్లక్రిందికి పోయి దాగును. ఎక్కడను ముడి యుండదు. ముడి యున్నచోట త్రాడు తగులుకొనును.

ఆపైన లక్కపూతయో, వార్నీషో పలుచపలుచగా పలుమాఱులు పూసి, నీరు చొరకుండ చేయుదురు. పట్టుదారము పోయి 1938లో లోకమునకు తెలిసిన నైలాను వచ్చినది. రెండవ ప్రపంచయుద్ధానంతరము గాజునారతోను, 1970 తరువాత కర్బననారతోను కఱ్ఱలు చేయసాగిరి. ఇత్తడి యుంగరమునకు బదులు అకీకు రాయి పొదిగినది, దానికి బదులు పింగాణి జాతి వలయము పొదిగినది వచ్చెను. పూతకు నేడు ఎపాక్సీ యను రసాయనపు జిగురును వాడి, అది కాఱిపోకుండ కఱ్ఱను చిన్నయంత్రముపై మెల్లగా త్రిప్పుచుందురు. ఇన్ని మాఱినను ఉంగరమును పట్టియుంచు విధానము మాఱలేదు. నేటికిని అది దారపుకట్టే.

దీనికి కారణము గమనింపదగినది. దారపుకట్టును కోసి తీసివేసినను కఱ్ఱకు హాని లేదు. అరిగిన యుంగరమును మార్చి మరల కట్టుకొనవచ్చును. నూఱేండ్లనాటి వెదురుకఱ్ఱలు పెక్కుమాఱులు క్రొత్తకట్లు కట్టించుకొని యింకను పనిచేయుచున్నవి. నేడు మన యిండ్లకు వచ్చు వస్తువులలో బాగుచేయుటకు వీలులేక పాఱవేయుటకే తగినట్లు చేయబడినవి యెన్నియో మీరే లెక్కింపుడు.

గాలము నీటికి చేయు మేలు గూడ నొకటి కలదు. అది గ్రుడ్లతోనున్న చేపను, పిల్లచేపను విడిచిపెట్టుటకు అవకాశమిచ్చును. మందుగుండు, విషము అట్టి యవకాశము నీయవు, మడుగునంతను చంపును. అందుచేతనే 1897 నాటి భారత మత్స్యశాసనము ఆ రెండింటిని నిషేధించినది. కాని శాసనము ఒడ్డున కాపలా యుండజాలదు. బాలుని చేతికి చక్కని కఱ్ఱనిచ్చి, దానికి ఉంగరము కట్టుట నేర్పిన తాత యుండగలడు. నారతీసిన చేతులు, నులక మంచము అల్లిన చేతులు, కొరడా పేనిన చేతులు మన గ్రామములలో నింకను కలవు. ఆ చేతులకు ఈ కట్టు ఒక్క సాయంకాలపు పని. సాధన వెదురు మన యడవులలో నింకను పెరుగుచునే యున్నది.