యూదు వివాహ ధర్మంలో బధిరులు, అంధులు

యూదు ధర్మశాస్త్రంలో పెళ్లికి మంత్రాలకన్నా సమ్మతి ముఖ్యం. ఇద్దరు సాక్షుల ఎదుట వరుడు విలువైన వస్తువేదైనా, ఇప్పటి ఆచారంలో ఉంగరం, వధువుకు ఇస్తాడు. ఆమె ఇష్టపడి పుచ్చుకుంటే 'కిద్దుషీన్' అనే వివాహబంధం ఏర్పడినట్టే. విడాకులకు భర్త తన ఇష్టంతో 'గెత్' అనే పత్రం ఇవ్వాలి. చేసేదేమిటో తెలిసి చేస్తేనే ఈ రెండూ చెల్లుతాయి. వినలేనివారి, చూడలేనివారి పెళ్లి చర్చకు రావడానికి కారణం ఈ నియమమే.

అంధుల విషయంలో పెద్ద చిక్కు లేదు. చూపు లేని వ్యక్తి పెళ్లాడవచ్చు, విడాకులివ్వవచ్చు, కానీ సాక్షిగా పనికిరాడు. గెత్ తెచ్చే దూతగానూ పనికిరాడని యూదు ధర్మ సంకలనమైన మిష్నా చెబుతుంది. ఎవరి దగ్గర తీసుకున్నాడో, ఎవరికి ఇస్తున్నాడో తెలియదు గనుక అని, మిష్నాపై చర్చల గ్రంథమైన తాల్మూద్‌లో రవ్ షేషెత్ కారణం చెప్పాడు. రవ్ యోసెఫ్ ఒప్పుకోలేదు. అలాగైతే అంధుడు తన భార్యతో కాపురం ఎలా చేస్తాడు, చీకట్లో మిగతా మగవాళ్ల సంగతేమిటి, గొంతును బట్టే కదా గుర్తుపట్టేది అన్నాడు. ఇలా వాదించుకున్న ఇద్దరూ చూపు లేనివారే.

బధిరుల కథ అంత సులువుగా తెగలేదు. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన మిష్నా, వినికిడీ మాటా రెండూ లేనివారినే 'హెరెష్' అంటుంది. రెంటిలో ఒకటి ఉన్నవారు అందరితో సమానం. హెరెష్‌ను మాత్రం పసిపిల్లలతో, మతిస్థిమితం లేనివారితో కలిపి లెక్కగట్టారు. మూల ధర్మశాస్త్రమైన తోరా ప్రకారం అతని పెళ్లి పెళ్లి కాదు. అయినా ఆ కాపురం నిలుస్తుందన్న నమ్మకంతో ధర్మవేత్తలు సైగలతో చేసుకునే పెళ్లిని తమ అధికారంతో ఏర్పాటు చేశారు. సైగతో కట్టుకున్నవాడు సైగతోనే విడాకులివ్వవచ్చు.

ఈ దయలో ఒక లోటుంది. అలాంటి భర్త, పెళ్లి ఒప్పందం ప్రకారం భార్యకు దక్కాల్సిన 'కెతుబా' సొమ్ము బాకీ పడడు. మరో చిక్కు ఇంకా కఠినం. అన్నీ బాగుండి పెళ్లాడినవాడు తర్వాత హెరెష్ అయితే ఎన్నటికీ విడాకులివ్వలేడు, ఎందుకంటే తోరా ప్రకారం కట్టిన ముడిని సైగ విప్పలేదు. భార్య హెరెష్ అయితే మాత్రం భర్త ఆమెను వదిలేయవచ్చు. ఈ తేడా ఏమిటని రబ్బీ యోహనాన్ బెన్ నూరి అప్పుడే అడిగాడు. పంపే మగవాడికి ఇష్టం ఉండాలి, ఆడదానికి ఇష్టమున్నా లేకున్నా వెళ్లాల్సిందే అని జవాబొచ్చింది. నేటి పాఠకుడికి మింగుడుపడని జవాబది.

మాట రాకపోతే తెలివి లేదన్న ఊహను తాల్మూద్‌లోని ఒక కథే కదిలిస్తుంది. పాఠశాలకు రోజూ వచ్చి తలలూపుతూ పెదవులు కదిపే ఇద్దరు మూగవాళ్ల కోసం గురువు ప్రార్థించాడు. మాట వచ్చాక చూస్తే శాస్త్రమంతా వాళ్లకు వచ్చేసి ఉంది!

19వ శతాబ్దంలో బధిరుల పాఠశాలలే ఈ ప్రశ్నను కొత్తగా లేపాయి. 1844లో నికోల్స్‌బర్గ్‌లో మొదలై తర్వాత వియన్నాకు మారిన యూదు బధిర విద్యాలయంలో పిల్లలకు మాట్లాడడం నేర్పేవారు. ప్రెస్‌బర్గ్ రబ్బీ సింహా బూనిమ్ సోఫెర్ వియన్నా వెళ్లి ఆ పిల్లలను చూసి ఆశ్చర్యపోయాడు. గలీషియాలోని సాంజ్ రబ్బీ హయిమ్ హాల్బర్‌స్టామ్ మాత్రం, నేర్పిన మాటతో హెరెష్ స్థితి మారదన్నాడు. మాట్లాడగల బధిరులను పూర్తి హక్కులున్నవారిగా చూసే అభిప్రాయం తర్వాత బలపడింది. సైగ భాష ఒక్కటే వాడేవారి గురించి ఆర్థడాక్స్ పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. అమెరికాలోని కన్జర్వేటివ్ ఉద్యమ ధర్మశాస్త్ర సంఘం 2011లో, రబ్బీ పమేలా బార్మాష్ రాసిన తీర్పును ఆమోదించి, పెళ్లి, విడాకుల్లో సైగ భాష చెల్లుతుందని తేల్చింది.

ఇజ్రాయెల్‌లో 1953 చట్టం ప్రకారం యూదుల పెళ్లి, విడాకులు రబ్బీల న్యాయస్థానాల పరిధిలో ఉన్నాయి. అందువల్ల అక్కడి బధిర దంపతులకు ఈ పాత చర్చ నేటికీ కోర్టు వ్యవహారమే.